చివరి సీటు దాకా

పోయిన ఏప్రిల్ రెండో వారంలో మా టీమ్ నుంచి ఇద్దరిని వేరే ప్రాజెక్టుకు తీసుకుపోయారు. ఏడుగురం ఐదుగురమయ్యాం. గడువు మాత్రం కదల్లేదు. అది మా కంపెనీ పెట్టుకున్న తేదీ అయితే బతిమాలో, దబాయించో వారం అటూ ఇటూ జరుపుకునేవాళ్ళం. అది బడులు తెరిచే తేదీ. జూన్ పన్నెండు.

మాది కార్ఖానాలో మూడో అంతస్తులో ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. కింద మందుల దుకాణం, మధ్యలో పళ్ళ డాక్టరు, పైన మేము. ఆ ఏడాది మేం చేస్తున్నది స్కూలు బస్సుల పని. రామభద్రరావుగారని, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, ఆయనకు నూట పన్నెండు బస్సులు ఉన్నాయి. బొల్లారం, అల్వాల్, యాప్రాల్ వైపు చాలా బడులకు ఆయన బస్సులే తిరుగుతాయి. బస్సు ఎంత దూరంలో ఉందో తల్లిదండ్రులకు ఫోన్‌లో కనపడాలి. ఏ పిల్ల ఎక్కిందో ఎవరు దిగారో ఆయన ఆఫీసులో తెలియాలి. డ్రైవర్ ఏ దారిన వెళ్ళాలో ఫోనే చెప్పాలి. అదీ పని. టీమ్‌కు లీడ్‌ని నేను. బస్సుల దారులు కంప్యూటరే వేసేలా ఆ చివరి భాగం రాస్తున్నది వేణుమాధవ్. వేణు నా భర్త.

భార్యాభర్తలు ఒకే టీమ్‌లో ఉండడం పెద్ద కంపెనీల్లో ఒప్పుకోరు. వేణు పదకొండేళ్ళు అలాంటి పెద్ద కంపెనీలోనే చేశాడు. ఒక మంగళవారం పొద్దున మెయిల్ వచ్చింది. మధ్యాహ్నానికి లాప్‌టాప్ అప్పజెప్పి ఇంటికొచ్చాడు. తర్వాత ఏడు నెలలు ఇంట్లోనే ఉన్నాడు. ఆ ఏడు నెలల గురించి ఇక్కడ చెప్పను. మా ఎండీతో నేనే మాట్లాడి ఇక్కడికి తీసుకొచ్చాను. బస్సుల దారుల పని చేతికొచ్చాక అతని నడకే మారింది. మా అత్తమ్మ బుచ్చమ్మ ఆ మార్పును తనదైన పద్ధతిలో పట్టుకుంది.

"వాడు మల్ల రెండోసారి అన్నం అడుగుతుండు బిడ్డా," అంది ఒక రోజు, వంటింట్లో నాకు మాత్రమే వినపడేలా.

మా పని రెండు వారాలకొక విడతగా సాగుతుంది. విడత మొదట్లో ఇంత చేస్తామని మాట ఇస్తాం. ఒక్కో పనికి ఒక్కో చీటీ రాసి గోడ మీది బోర్డుకు అంటిస్తాం. మధ్యలో కొత్త చీటీ లోపలికి రావాలంటే అంతే బరువున్న పాత చీటీ ఒకటి బయటికి పోవాలి. ఉన్నది ఐదుగురం, ఉన్నవి ఇన్ని రోజులు. కాబట్టి తగ్గగలిగింది పని ఒక్కటే. వినడానికి చాలా బాగుంటుంది. ఏప్రిల్ మొత్తం మీద నా బోర్డు నుంచి ఒక్క చీటీ కూడా బయటికి పోలేదు.

రామభద్రరావుగారు పొద్దున ఎనిమిదిన్నరకు ఫోన్ చేసేవారు. నేను ఒక చేత్తో టిఫిన్ డబ్బాలు సర్దుతూ ఇంకో చేత్తో ఫోన్ పట్టుకునేదాన్ని.

"అమ్మా రజితగారూ, ఒక్క చిన్న మార్పండీ."

మెసేజ్ తెలుగులో కూడా రావాలి. మూడు రోజులయ్యాక, హిందీలో కూడా రావాలి. బస్సు బొమ్మ పసుపుగా లేదు, నారింజపండులా ఉంది. తల్లికీ తండ్రికీ వెళ్ళే మెసేజ్ తాతగారికీ వెళ్ళాలి. ఐదు నిమిషాల ముందు మోగే గంట ఎనిమిది నిమిషాల ముందు మోగాలి. అన్నిటికీ "సరే సార్" అన్నాను. సరే అనడానికి రెండు క్షణాలు చాలు. కాదని చెప్పాలంటే అరగంట ఓపిక కావాలి. పొద్దున ఎనిమిదిన్నరకు ఆ అరగంట నా దగ్గర ఉండేది కాదు, సాయంత్రానికి అసలే ఉండేది కాదు.

రోజూ పదింటికి బోర్డు ముందు నిలబడి పదిహేను నిమిషాలు మాట్లాడుకుంటాం. నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, దారిలో అడ్డం ఏముంది. మే మొదటి వారానికి ఆ పదిహేను నిమిషాలూ నిలబడడమే కష్టంగా ఉండేది. సైలస్ గోడకు ఆనుకునేవాడు. శ్రీలలిత కొత్తగా చేరిన పిల్ల, నిలబడే ఆవలించేది.

"నిన్న హిందీ మెసేజ్ షురూ చేసిన. ఇయాల సుత గదే," అన్నాడు సైలస్. "అడ్డం అంటే నిద్ర ఒక్కటే."

ప్రిసిల్లా మా టెస్టర్. మేం చేసిన ప్రతిదాన్నీ విరగ్గొట్టి చూడడం ఆమె ఉద్యోగం. "మీరు ఇస్తనే ఉన్నరు, నేను చూస్తనే ఉన్న. ఒడుస్తలేదు అక్కా," అంది. "ఏదో ఒకటి చూడకుంటనే పోతది. ఏది చూడకుంట పోవాల్నో నువ్వే చెప్పు."

ఇంకో రోజు చూద్దామన్నాను.

వేణు ఒక్కడే చివర్లో ఉత్సాహంగా చెప్పేవాడు, అల్వాల్ బస్సుల దారి ఎంత తగ్గిందో, సందుల్లో మలుపులు ఎలా లెక్కకొచ్చాయో. అందరం తలూపేవాళ్ళం.

మే నెల మూడో వారంలో రామభద్రరావుగారు మొదటిసారి మా ఆఫీసుకు వచ్చారు. లిఫ్ట్ పనిచేయడం లేదు. అరవై దాటిన మనిషి మూడంతస్తులు ఎక్కి వచ్చి, తెల్లచొక్కా వీపుకు అంటుకుపోయి, నా ఎదురుగా కూర్చున్నారు. నీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకున్నారు గానీ తాగలేదు.

"ఈసారి చిన్న మార్పు కాదండీ," అన్నారు.

బడి దగ్గర పిల్లలు దిగాక డ్రైవర్ ఫోన్‌లో ట్రిప్పు ముగిసిందని నొక్కుతాడు. అలా ఊరికే నొక్కడానికి వీల్లేకుండా చేయమన్నారు. బస్సులో చివరి సీటు వెనక ఒక క్యూఆర్ గుర్తు అంటిస్తారట. డ్రైవర్ లేచి చివరి దాకా నడిచి, ఆ గుర్తుకు ఫోన్ చూపిస్తే తప్ప ట్రిప్పు ముగియకూడదు. బస్సు ఆగాక పది నిమిషాల్లో ముగియకపోతే ఆఫీసులో గంట మోగాలి.

ఇంక పదహారు పనిదినాలు ఉన్నాయి. ఆ మధ్యాహ్నం నాకు ఎక్కడ లేని ఓపికా వచ్చింది. లేక, ఉన్న ఓపిక పూర్తిగా అయిపోయింది. రెండూ ఒకేలా ఉంటాయి.

"సార్, ఇది లోపలికి రావాలంటే ఇంకొకటి బయటికి పోవాలె. ఏది తీయాల్నో మీరే చెప్పండి," అని బోర్డు చూపించాను.

ఆయన బోర్డు వైపు చాలాసేపు చూశారు. "అన్నీ కావాల్సినవే కదండీ."

"అయితే కుదరదు సార్. రెండో దఫాల చేద్దాం."

"రెండో దఫా అంటే ఎప్పుడండీ?"

"ఆగస్టు."

"ఆగస్టు," అని ఆయన ఇంకోసారి అన్నారు. గ్లాసు బల్ల మీద పెట్టి లేచారు. ఎప్పుడూ ఫోన్‌లో రెండుసార్లు అడిగే మనిషి రెండోసారి అడగకుండా వెళ్ళిపోయారు.

ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగాక సైలస్ చప్పట్లు కొట్టాడు. "కాదన్నవ్ గద అక్కా! సమోసాలు తెప్పియ్యాలె." తెప్పించాను. నేనూ రెండు తిన్నాను.

ఆ శుక్రవారం ప్రిసిల్లా డ్రైవర్ల ఫోన్లలో మా పని ఎలా నడుస్తోందో చూడడానికి బొల్లారంలో బస్సులు నిలిపే మైదానానికి వెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చి బ్యాగు కూడా దించకుండా నా పక్కకు వచ్చి నిలబడింది.

"అక్కా, నువ్వు రేపు నాతోని ఒకసారి రావాలె."

"రేపు శనివారం. ఏమైంది?"

"నేను చెప్తే బాగుండదు. వచ్చి ఇను."

శనివారం పన్నెండింటికి వెళ్ళాం. సెలవుల్లో బస్సులన్నీ వరసలుగా ఎండలో నిలబడి ఉన్నాయి. రేకుల మీంచి వేడి లేచి గాలి అల్లాడుతోంది. ఒక మూల ఒకాయన రబ్బరు పైపుతో బస్సు కడుగుతున్నాడు. ఏభై దాటి ఉంటాయి. ప్రిసిల్లాను చూసి నీళ్ళు కట్టేశాడు.

"సామ్యూల్ అంకుల్," అంది ప్రిసిల్లా. "మా చర్చికే వస్తడు. అంకుల్, గీమెనే మా మేడమ్."

ఆయన తడిచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆయనే మొదలుపెట్టాడు, చాలాసార్లు లోపల లోపల చెప్పుకున్న మనిషిలాగా, ఎక్కడా ఆగకుండా.

"పోయిన జూలై మేడమ్. యూకేజీ పాప. పొద్దుగాల ఎక్కంగనే పండుకున్నది. బడి కాడ అందరు దిగిన్రు. ఆ దినం ఆయా రాలే. నేను అద్దంల చూసిన. అద్దంల ఎవ్వరు కనపడలే. బండి తెచ్చి ఈడ్నే పెట్టిన, తాళమేసి ఇంటికి పోయిన. పదకొండు దాటినంక బడోళ్ళు ఫోన్ చేసిన్రు, పాప రాలేదేందని ఇంట్లోళ్ళను అడిగితే పంపినమన్నరంట. ఉరికిన మేడమ్. ఆ దినం వాన సుత లేదు."

ప్రిసిల్లా నేల చూస్తోంది.

"పాప?" అన్నాను.

"బతికింది. నాలుగు దినాలు దవాఖానల ఉండె. ఇప్పుడు మంచిగనే ఉన్నది. బస్సు ఎక్కదంట, ఏ బస్సు సుత." కిందపడిన పైపు చేతిలోకి తీసుకున్నాడు. "ఇంట్లోళ్ళు నలుగుర్ల పెట్టొద్దన్నరు. సార్ నన్ను పనిల నుంచి తియ్యలే. బండి మాత్రం ఇయ్యలే. నేను సుత అడగలే."

ఆయన నన్ను ఆ పాప ఉండిపోయిన బస్సే ఎక్కించాడు. డ్రైవర్ సీటు నుంచి చివరి దాకా నడిచి చూపించాడు. "పద్నాలుగు అడుగులు. గంతే మేడమ్." నేను చివరి సీటులో ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాను. సీటు కాలుతోంది. అక్కడి నుంచి డ్రైవర్ అద్దంలోకి చూస్తే ఎదురుసీటు వీపు కనపడింది, నేను కనపడలేదు. ఒక్క నిమిషం కూడా ఉండలేక దిగిపోయాను.

రామభద్రరావుగారు నాకు కారణం చెప్పలేదు. ఏది బయటికి తీయాలో చెప్పమని అడిగానే తప్ప, అది ఎందుకు కావాలని నేనూ అడగలేదు. ఒక నెలంతా అడక్కుండా సరే అన్నాను, ఒక్కసారి అడక్కుండా కాదన్నాను.

ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళకుండా ఖాళీ ఆఫీసులో బోర్డు ముందు కూర్చున్నాను. ఏం తీయగలను? ఎక్కే పిల్లలు, దిగే పిల్లలు, బస్సు కనపడడం, ఇవి లేకపోతే మొత్తమే లేదు. రెండు వారాలు పట్టే పని ఇంకా ఒక్కటే మిగిలి ఉంది. వేణు దారుల పని. అది లేకపోతే పాత పద్ధతిలో ఆఫీసు గుమాస్తా కాగితం మీద దారులు గీస్తాడు. ఇన్నేళ్ళూ అలాగే గీశాడు. తర్వాత ఏప్రిల్ నుంచి నేను సరే సార్ అన్నవన్నీ రాసి, ఒక్కోదానికి ఎన్ని రోజులు పోయాయో లెక్కేశాను. పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులుంటే రెండు పనులూ పట్టేవి. నారింజరంగు బస్సును పసుపు చేయడానికే ఒకటిన్నర రోజు.

మర్నాడు ఆదివారం తొక్కు పెట్టాలని అత్తమ్మ మామిడికాయలు తెమ్మంది. ఆమె మోండా మార్కెట్‌లో ముప్పై ఏళ్ళు ఆకుకూరలు అమ్మింది, ఇప్పటికీ కాయ ఎవరి దగ్గర తీసుకోవాలో పేరుతో సహా చెప్పి పంపుతుంది. ఇద్దరం వెళ్ళాం. కాయలు కొట్టే అతని ముందు వరసలో నిలబడ్డాం. కత్తి టకటకా పడుతోంది, పులుపు వాసన ముక్కులోకి పోతోంది. వేణు చాలా హుషారుగా ఉన్నాడు.

"చూడు రజితా, గీ సందులకు ట్రాలీలు ఎట్లొస్తున్నయో. ఎవ్వడు చెప్పలే వాళ్ళకు. ఒకడు ఖాళీ చేసిపోతే ఒకడు వస్తుండు. నా కోడ్ల సుత గదే పెట్టిన. సైనిక్‌పురి బండి ఖాళీ అయినంకనే యాప్రాల్ బండి కదులుతది." నవ్వాడు. "ఇంకో పది దినాలైతే చూపిస్త నీకు."

నోరు తెరిచాను. అప్పుడే కాయలు కొట్టే అతను మా సంచీ అందుకున్నాడు. "ముక్కలు జెర చిన్నగ కొట్టు భాయ్," అన్నాడు వేణు.

రేపు ఆఫీసులో చెబుదాం అనుకున్నాను. అందరికీ ఎలా చెబుతానో తనకూ అలాగే చెప్పాలి, ఇంట్లో చెబితే లీడ్‌గా కాకుండా పెళ్ళాంగా చెప్పినట్టవుతుంది, అది టీమ్‌కు న్యాయం కాదు. అలా సర్దిచెప్పుకున్నాను. నిజం ఏమిటంటే నేను అలిసిపోయాను. ఆదివారం సాయంత్రం దాకా అతని ముఖం అలాగే ఉంటే చాలనిపించింది.

సోమవారం పదింటికి బోర్డు ముందు చెప్పాను. సామ్యూల్ పేరు చెప్పకుండా, పాప సంగతి చెప్పాను. చివరి సీటు పని లోపలికి వస్తోందన్నాను. దారుల పని బయటికి పోతోందన్నాను. అవి తొమ్మిది చీటీలు, అన్నీ వేణు చేతిరాతే. ఒక్కొక్కటీ ఊడదీశాను. తొమ్మిది ఊడదీయడానికి చాలాసేపు పడుతుందని అంతకుముందు నాకు తెలియదు. శ్రీలలిత కిటికీలోంచి బయటికి చూసింది. సైలస్ ఫోన్ తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఎప్పటి దాంక?" అన్నాడు వేణు.

"ఆగస్టు."

"సరే." మామూలు గొంతుతోనే అన్నాడు. "ట్రిప్పు బంద్ అయ్యే కోడ్ రాసింది నేనే. చివరి సీటు పని నేనే చేస్త. రాయనీకే ఎనిమిది దినాలు పడ్తది, ఫోన్‌కు సిగ్నల్ లేకున్నా పనిచెయ్యాలె గద. మల్ల బండ్లల పెట్టి చూసుడు వేరే."

అందరం సీట్లలోకి వెళ్ళాం.

సాయంత్రం బండి మీద ఇంటికి బయలుదేరాం. తిరుమలగిరి చౌరస్తాలో ఎర్రలైటు పడింది. లైటు పక్కన అంకె నూట నలభై నుంచి కిందికి దిగుతోంది. వేణు ముందుకే చూస్తూ అడిగాడు.

"నిన్న తెలుసా నీకు?"

"శనివారం నుంచి తెలుసు."

అంకె తొంభైకి వచ్చింది.

"కాయలు కొట్టిచ్చేటప్పుడు సుత తెలుసన్నట్టు," అన్నాడు.

అంతే. పచ్చలైటు పడింది, బండి కదిలింది. ఇంటికెళ్ళాక చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. అత్తమ్మ గిన్నె పట్టుకుని నిలబడింది. ఇంకొంచెం పెట్టనా అంటే చాలన్నాడు. ఆమె నా ముఖం చూసింది. నేను మజ్జిగ తేవడానికి లేచాను.

రామభద్రరావుగారికి మంగళవారం ఫోన్ చేశాను. చివరి సీటు పని చేస్తున్నాం, దారులు ఆగస్టు దాకా చేత్తోనే గీసుకోవాలి అన్నాను.

"ఎవరు చెప్పారండీ మీకు?"

"మీరే చెప్పాల్సింది సార్."

"ఎలా చెప్పమంటారమ్మా," అన్నారాయన. "ఇంట్లో మా ఆవిడకి చెప్పడానికే నాకు నెల పట్టిందండీ."

జూన్ మొదటి వారంలో పది బస్సుల్లో పెట్టి, పిల్లలు లేకుండా తిప్పి చూశాం. రెండో రోజే ప్రిసిల్లా ఫోన్ చేసింది. ఒక డ్రైవర్ చివరి సీటు వెనక అంటించిన గుర్తు ఊడబెరికి స్టీరింగ్ పక్కన అంటించుకున్నాడట. కూర్చున్నచోటి నుంచే ఫోన్ చూపించి ట్రిప్పు ముగిస్తున్నాడు. "అడిగితే ఏమన్నడో తెలుసా అక్కా? గిట్లయితే అల్కగ ఉన్నదన్నడు." ఇంకొకతను గుర్తును ఫొటో తీసుకుని పెట్టుకున్నాడు. ఫొటోను ఒప్పుకోకుండా వేణు ఒక్క పూటలో సరిచేశాడు. ఊడదీయడం సంగతి మా చేతుల్లో లేదు. రామభద్రరావుగారు గుర్తును రేకు మీద అచ్చు వేయించి, చివరి సీటు వెనక ఇనుప చట్రానికి రివెట్లు కొట్టించారు. ఆ పని దగ్గరుండి చేయించింది సామ్యూల్. వేణు నాలుగు రోజులు అక్కడే ఉన్నాడు. బస్సు ఎక్కడం, చివరి దాకా నడవడం, ఫోన్ చూపించడం, దిగడం. సాయంత్రం వచ్చేసరికి మెడ నల్లగా కమిలిపోయి ఉండేది. ఎలా జరిగిందంటే బాగానే జరిగిందనేవాడు. నన్ను తప్పు పట్టలేదు, ముభావంగా కూడా లేడు. అడిగినవాటికి జవాబు చెప్పేవాడు, నేను అడగనివి చెప్పడం మానేశాడు.

జూన్ ఐదున రామభద్రరావుగారు ఫోన్ చేసి తాతగార్ల మెసేజ్‌లో 'గారు' లేదన్నారు. నేను మాట్లాడేలోపే, "రాసి పెట్టుకోండమ్మా, ఇప్పుడేం తొందర లేదు," అన్నారు.

పన్నెండో తేదీ పొద్దున ఆరింటికే అందరం ఆఫీసులో ఉన్నాం. తెర మీద నూట పన్నెండు పసుపు బొమ్మలు కదలడం మొదలుపెట్టాయి. ఏడింటికల్లా ఫోన్లు మొదలయ్యాయి; తల్లిదండ్రులకు ఇచ్చిన నంబరు మాదే. గుమాస్తా గీసిన దారుల్లో యాప్రాల్‌లో ఒకే వీధికి రెండు బస్సులు వెళ్ళాయి, వెనక వీధికి ఒక్కటీ వెళ్ళలేదు. అల్వాల్‌లో ఒక బస్సు సందులో ఇరుక్కుని ఇరవై నిమిషాలు వెనక్కి రాలేకపోయింది. మొదటిరోజే బడికి ఆలస్యమైందని ఒక తల్లి ఏడుస్తూ తిట్టింది. ఫిర్యాదులన్నీ ఒకచోట పడుతుంటే వేణు ఒక్కొక్కటీ చదివాడు. అతను రాసిన పని ఉంటే వీటిలో చాలావరకు ఉండేవి కావని గదిలో అందరికీ తెలుసు. వేణు ఆ మాట అనలేదు. చదివి, బస్సు నంబరు రాసుకుని, డ్రైవర్‌కు ఫోన్ చేసి దారి చెప్పాడు. ఆ పొద్దున నలభైమందికి అలా నోటితో దారి చెప్పాడు.

తొమ్మిదిన్నరకు ఒక్కటి తప్ప అన్ని ట్రిప్పులూ ముగిశాయి. అరవై ఏడో నంబరు బస్సు ముగియలేదు. మైదానంలో నిలబడి ఉన్నట్టు తెర చూపిస్తోంది. మా దగ్గర కూడా గంట మోగింది. డ్రైవర్ ఫోన్ ఎత్తలేదు. వేణు రెండోసారి చేశాడు, మూడోసారి చేశాడు. ప్రిసిల్లా అప్పటికే సామ్యూల్‌కు కలిపి స్పీకర్ పెట్టింది.

"అంకుల్, అరవై ఏడు. జల్ది."

ఉరుకుతున్న చప్పుడు, ఆయాసం. తలుపు తీసిన చప్పుడు. తర్వాత అడుగులు.

"ఎవ్వరు లేరు," అన్నాడు సామ్యూల్. "కింద సుత చూసిన. ఎవ్వరు లేరు బిడ్డా. ఆయనెవరో చాయ్ తాగనీకి పోయినట్టుండు."

వేణు రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి, తల వంచి నిలబడ్డాడు. నేను అతని వీపు మీద చెయ్యి వేద్దామని ఒక అడుగు వేశాను. అది ఆఫీసు. ఆగిపోయాను. శ్రీలలిత మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది, అందుకుని తాగాడు.

జూలై చివర్లో ఒక సాయంత్రం అత్తమ్మా నేనూ చిక్కుడుకాయలు గిల్లుతున్నాం. వేణు వచ్చి మా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"గచ్చిబౌలిల ఒక కంపెనీల ఆఫర్ వచ్చింది. ఇప్పుడే మెయిల్ పంపిన్రు. నీకే ముందు చెప్తున్న."

అత్తమ్మ గిల్లడం ఆపలేదు. నా చేతులు ఆగిపోయాయి.

"నా మీద కోపంతోనా?"

"కోపం జూన్లనే అయిపోయింది." ఒక కాయ తీసుకుని ఈనె తీశాడు. "నువ్వు చేసింది తప్పు కాదు రజితా. నీ జాగల నేనున్నా గదే తీసేస్తుంటి. నీ కింద పని చేసుడు కష్టం కాలే నాకు. పని అయినంక నిన్ను ఎనక కూసోబెట్టుకొని ఇంటికి వచ్చుడు కష్టమైంది."

నాకు కూడా కష్టంగానే ఉండిందని చెప్పొచ్చు. చెప్పలేదు.

"మంచి జాగనే అయితే పో," అంది అత్తమ్మ. "పొద్దుగాల ఎన్నిటికి పోవాలె? డబ్బా ఎన్నిటికి కట్టాలె?"

ఆగస్టు నుంచి వేణు ఏడున్నరకే క్యాబ్‌లో వెళ్ళిపోతున్నాడు. బండి నేను నడుపుకుంటూ కార్ఖానాకు పోతున్నాను. తొమ్మిది చీటీలూ మళ్ళీ బోర్డు మీదికి వచ్చాయి, ఈసారి సైలస్ చేతిరాతతో. వేణు రాసి వదిలిన కోడ్ మీదే సైలస్ పని పూర్తిచేశాడు. సామ్యూల్‌కు బండి మళ్ళీ ఇస్తామన్నారట, ఆయన వద్దన్నాడట. రోజూ పొద్దున మైదానానికి తిరిగొచ్చే ప్రతి బస్సూ ఎక్కి చివరి దాకా నడిచి దిగడం ఇప్పుడు ఆయన పని. ఫోన్లున్నా సరే.

ఆగస్టు ఆఖరి సోమవారం బస్సులు మొదటిసారి కంప్యూటర్ వేసిన దారుల్లో వెళ్ళాయి. తొమ్మిదికి యాప్రాల్ బస్సులన్నీ బడి చేరాయి. రోజూ వచ్చే ఫోన్లు రాలేదు. గదంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, సైలస్ రిసీవర్ ఎత్తి పనిచేస్తోందో లేదో చూశాడు. నేను వరండాలోకి వచ్చి వేణుకు ఫోన్ చేశాను.

"ఎన్ని నిమిషాలు తగ్గింది?" హలో కూడా అనకుండా అడిగాడు. ఇవాళే అని అతనికి గుర్తుంది.

"యాప్రాల్‌ల పంతొమ్మిది."

"బొల్లారం?"

"ఏడే."

అతని వెనక ఆఫీసు చప్పుళ్ళు వినపడుతున్నాయి, ఎవరో తలుపు వేశారు, చప్పుళ్ళు ఆగిపోయాయి.

"ఏడు కాదు, ఎక్కువ రావాలె. రైల్వే గేటు పడే టైమ్ సైలస్ తప్పు పెట్టినట్టుండు. ఎనిమిది దాటినంక రెండుసార్లు పడ్తది గద ఆడ." తర్వాత, అడగాలా వద్దా అని ఆలోచించినట్టు నెమ్మదిగా అన్నాడు. "ఇయాల్టి లాగ్ పొద్దుమీకి ఇంటికి పట్టుకరా. ఇద్దరం కూసొని చూద్దం."

కంపెనీ వివరాలు కంపెనీలో లేని మనిషికి చూపించకూడదు. టీమ్‌లో చేరిన ప్రతివాళ్ళ చేతా ఆ కాగితం మీద సంతకం పెట్టించేది నేనే. వేణు చేత కూడా నేనే పెట్టించాను, చేరిన రోజున.

ఐదున్నరకు, ఏ బస్సు ఎప్పుడు ఎక్కడుందో చెప్పే ఆ లాగ్ పేజీలన్నీ ప్రింటు తీసి, బ్యాగులో పెట్టుకుని, ఇంటికి బయలుదేరాను.